కష్టం చేసి బతికిన తాతల జీవితాన్ని కాగితాల్లో వెతకడం ఎలా?

మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. బాపట్ల దగ్గర పట్టాల మీద గడ్డపార, సుత్తి పట్టుకునే ఆయన జీవితం గడిచింది. రాయడం రాదు కనుక ఆయన చేతిరాత ఒక్క అక్షరమూ లేదు. అయినా పదకొండు కాగితాల్లో ఆయన పేరు దొరికింది నాకు. కూలీనాలీ చేసుకున్నవాళ్ల గురించి జీతమిచ్చినవాళ్లు, అప్పిచ్చినవాళ్లు, పిల్లలను బడిలో చేర్చుకున్నవాళ్లు రాసి పెట్టారు. మీ తాతతోనో ముత్తవ్వతోనో ఎవరెవరికి పని పడిందో ముందు ఒక జాబితా వేసుకోండి.

ఇంట్లోని పెట్టెతో మొదలుపెట్టండి

ట్రంకుపెట్టె అడుగున, దేవుడి పటం వెనుక, పాత బీరువా సొరుగులో చూడండి. పింఛను పుస్తకం, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీ, ప్రోనోటు, శుభలేఖ, ఏదీ పారేయవద్దు. పాత శుభలేఖలో బంధువుల ఊళ్ల పేర్లు ఉంటాయి. ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫోటో తీయండి. లామినేషన్ మాత్రం చేయించవద్దు, తర్వాత ఊడదీయబోతే కాగితం చిరుగుతుంది.

నాకు మొదట దొరికింది ఒక ప్రోనోటు. రెవెన్యూ స్టాంపు మీద బొటనవేలి ముద్ర, పక్కనే ‘ఇది ఫలానావాని వేలిముద్ర’ అని ఇంకొకరి అక్షరాలు, అడుగున దస్తూరి ఎవరిదో, సాక్షులెవరో. సిరా వెలిసినా ముద్రలో గీతలు తెలుస్తున్నాయి. వాటికి అడ్డంగా తెల్లటి చార ఒకటి ఉంది. మా పెద్ద మేనత్తకు చూపిస్తే, “ఫిష్‌ప్లేటు (రెండు పట్టాలను కలిపి బిగించే ఇనుప పలక) పడి వేలు తెగింది, నెల రోజులు అన్నం నేనే కలిపి పెట్టాను” అంది. అన్నేళ్లుగా ఎవరూ అడగలేదు కనుక ఆవిడా చెప్పలేదు.

పెద్దవాళ్లను సంవత్సరం అడగకండి

“ఏ సంవత్సరం?” అంటే ఎవరికీ గుర్తుండదు. “1977 దివిసీమ ఉప్పెన నాటికి తాత ఉద్యోగంలోనే ఉన్నాడా?” అని అడిగితే జవాబు వస్తుంది. తెలంగాణలో అయితే 1948 పోలీసు యాక్షన్ అలాంటి గుర్తు. కొందరు తెలుగు సంవత్సరం చెబుతారు. వికారి అంటే 1959-60 కావచ్చు, అరవై ఏళ్లు వెనక్కి వెళ్లి 1899-1900 కూడా కావచ్చు. చెప్పినవారి వయసుతో సరిచూసుకోండి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ (శిస్తు లెక్కలకు వాడిన) సంవత్సరం కనిపిస్తే 590 కలపండి, ఏడాది అటూ ఇటూగా సరిపోతుంది.

పేరును నాలుగైదు రకాలుగా వెతకండి

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంట్లో ఎల్లయ్య అని పిలుచుకున్న మనిషిని కరణం లెక్కల్లో ‘ఎల్లడు’ అనో, ‘ఎల్లిగాడు’ అనో రాసేవారు. ఎల్లమ్మ ‘ఎల్లి’ అయ్యేది. ఇంటిపేరు వదిలేసి కులం పేరు తగిలించడమూ ఉంది. ఆ రాతలు చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ పేర్లతోనూ వెతకాలి, దొరికినదాన్ని ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాసుకోవాలి. తండ్రి పేరు, ఊరు, ఈ రెండూ కలిస్తేనే మనవాడని అనుకోండి.

పనిని పట్టుకుని వెళ్లండి

రైల్వే ఉద్యోగి అయితే అప్పుడు ఆ లైను ఎవరిదో తెలియాలి. బాపట్ల లైను 1951 వరకు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది, ఆ తర్వాత దక్షిణ రైల్వేది. 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోకి బెజవాడ డివిజన్ వచ్చింది. కాగితం మీద ఏ రైల్వే పేరుందో చూస్తేనే కాలం తెలిసిపోతుంది. రైల్వేలో పింఛను పథకం 1957 నవంబరులో వచ్చింది. అంతకుముందు దిగిపోయినవారికి ప్రావిడెంట్ ఫండు కాగితాలే ఉంటాయి. కుటుంబ పింఛను వస్తుంటే ఆ ఉత్తర్వులో హోదా, చేరిన తేదీ, రిటైరైన తేదీ ఉంటాయి. సర్వీసు రిజిస్టరు నకలు కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు.

సింగరేణి కార్మికుడైతే ‘ఫారం బి’ రిజిస్టరు, అంటే గని ఉద్యోగుల వివరాల పుస్తకం గురించి అడగండి. అందులో తండ్రి పేరు, సొంత ఊరు దొరుకుతాయి.

భూమి లేనివాళ్లూ దస్తావేజుల్లో ఉంటారు

పక్కింటివారి పాత దస్తావేజులో హద్దులు చదవండి. ‘తూర్పు: ఫలానావారి పాక’ అని మీ తాత పేరు ఉండవచ్చు, సాక్షిగా వేలిముద్ర వేసి ఉండవచ్చు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లాలి. తాలూకా, ఫిర్కా (తాలూకాలో కొన్ని ఊళ్ల విభాగం), పాత జిల్లా పేర్లు రాసుకుని వెళ్లండి. ఉదాహరణకు ప్రకాశం జిల్లా 1970లోనే పుట్టింది.

బడి రిజిస్టర్లో తాత లేకపోయినా, ఆయన పిల్లల పేర్ల పక్కన తండ్రిగా ఉంటాడు. పుట్టిన తేదీ జూలై 1 అని ఉంటే నమ్మకండి. తేదీ తెలియని పిల్లలకు పంతుళ్లు తరచూ అదే వేసేవారు. క్రైస్తవ కుటుంబాలైతే పాత సంఘాల బాప్తిస్మ రిజిస్టర్లు అడగాలి. ఒంగోలు ప్రాంతంలో కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని ఇప్పించిన పేదల్లో ఎందరో తర్వాత ఆ సంఘాల్లో చేరారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కొన్ని కులాల వంశచరిత్రలు నోట్లో బతికాయి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు చెబుతారు. వాళ్లు ఊరికి వచ్చినప్పుడు కూర్చుని వినండి, అడిగి రికార్డు చేసుకోండి.

ఓడ ఎక్కినవారి కోసం

ఒప్పందం మీద విదేశాలకు కూలికి వెళ్లినవారి పేర్లు ఓడల జాబితాల్లో ఉన్నాయి. మద్రాసు నుంచి అలాంటి కూలీలతో ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతానికి వెళ్లిన కూలీలు 1,52,184 మంది. ఆ ఓడల జాబితాల్లో నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాశారు. మారిషస్ వెళ్లినవారి కాగితాలు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కూలీ నంబరు తెలిస్తే పని సులువు.

దొరికినదంతా ఒక పొడవాటి కాగితం మీద ఏళ్లవారీగా రాయండి. కాగితంలో చూసినది ఒక రంగు సిరాతో, విన్నది ఇంకో రంగుతో. రెండూ తేడా పడితే దేన్నీ కొట్టేయకండి. తాత ఉద్యోగంలో చేరింది 1943లో అని కాగితం అంటుంది, పెదనాన్న పుట్టిన మరుసటి ఏడాదని మేనత్త అంటుంది. నా దగ్గర రెండూ పక్కపక్కనే ఉన్నాయి.