స్టీరియో రిసీవర్‌ను ఇంట్లో అమర్చుకోవడం ఎలా?

కొత్త రిసీవర్ ఇంటికి రాగానే చాలామంది ముందు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తారు. నిజానికి అది అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. స్పీకర్ వైర్లు, మిగతా కేబుళ్లు అన్నీ కలిపి, ఒకసారి సరిచూసుకున్నాకే కరెంటు ఇవ్వాలి. కరెంటు ఉండగా స్పీకర్ వైర్ల కొసలు ఒకదానికొకటి తగిలితే లోపలి యాంప్లిఫయర్ దెబ్బతినవచ్చు.

స్టీరియో రిసీవర్‌లో మూడు పరికరాలు కలిసి ఉంటాయి. ఏ పరికరం నుంచి పాట రావాలో ఎంచుకునే సెలెక్టర్, రేడియో ట్యూనర్, రెండు స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్. సినిమాల కోసం అయిదు, ఏడు స్పీకర్లు పెట్టే ఏవీ రిసీవర్ వేరు. ఇంట్లో ప్రధానంగా పాటలే వింటారనుకుంటే ఈ రెండు స్పీకర్లదే తీసుకోమని నేను చెబుతాను. అదే డబ్బు రెండు మంచి స్పీకర్ల మీద పడుతుంది, సెట్టింగుల గొడవా తక్కువ.

అమర్చడానికి ఓ గంట పట్టిందనుకోండి, అందులో సగం వైర్లకు, సగం స్పీకర్లు ఎక్కడ ఉండాలో చూసుకోవడానికి కేటాయించండి. ఆ రెండో సగాన్ని అందరూ వదిలేస్తారు. పాట ఎలా వినిపిస్తుందో తేలేది అక్కడే.

అమెరికా నుంచి తెచ్చుకున్నదా?

పిల్లలో బంధువులో అక్కడి నుంచి తెచ్చిన రిసీవర్ అయితే వెనక పలక మీద వోల్టేజీ చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది. పిన్ను ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది ఎన్ని వాట్లదో చూసుకుని, రిసీవర్ వెనక రాసిన వాట్ల కంటే బాగా ఎక్కువున్నదే కొనండి. కొన్ని మోడళ్లకు వెనకే వోల్టేజీ మార్చే మీట ఉంటుంది. ఉంటే దాన్ని 220 లేదా 240 వైపు పెట్టాకే ప్లగ్గు ముట్టుకోండి.

ఇంకో చిక్కు రేడియోతో వస్తుంది. అమెరికాలో ఏఎం స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, మన దగ్గర 9 కిలోహెర్ట్జ్ ఎడంతో. ఆకాశవాణి హైదరాబాద్ 738 మీద, విజయవాడ 837 మీద ఉంటాయి. 730 నుంచి 740కి దూకే రిసీవర్‌కు 738 సరిగ్గా దొరకదు. ఈ అడుగును మార్చే వీలు మాన్యువల్‌లో ఉందేమో వెతకండి, చాలా కంపెనీలు ఇస్తాయి.

ఎక్కడ పెట్టాలి

రిసీవర్ పై మూతలోని చీలికల గుండా వేడి బయటికి పోవాలి. పైన కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. అద్దాల తలుపుల షోకేస్‌లో పెట్టి తలుపులు మూయడం, దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పడం, సెట్‌టాప్ బాక్సును దాని నెత్తిన పెట్టడం, ఈ మూడూ మన ఇళ్లలో మామూలే. మూడూ దాని ఆయుష్షును తగ్గించేవే. వాడనప్పుడు, అదీ చల్లారాక, గుడ్డ కప్పుకోవచ్చు. వేసేముందు తీసేయాలి.

స్పీకర్ వైర్లు

ఖరీదైన స్పీకర్ కేబుళ్ల కోసం వేలు పోయనక్కర్లేదు. కరెంటు సామాన్ల కొట్లో దొరికే జంట ఫ్లెక్సిబుల్ రాగి వైరు చక్కగా పనిచేస్తుంది. 6, 7 మీటర్ల లోపు దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. అంతకు మించితే 2.5 తీసుకోండి. కొనేటప్పుడు ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, ఊరికే తెగుతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో వైరూ, వైరు కొసకు తొడిగే బనానా ప్లగ్గులూ ఒకే చోట దొరుకుతాయి.

ఒక్కో కొసన తొడుగును సెంటీమీటరు మేర ఒలిచి, పోగులన్నీ ఒకే దిక్కుకు గట్టిగా మెలిపెట్టండి. రిసీవర్ వెనక ఎరుపు, నలుపు టెర్మినళ్లు ఉంటాయి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. రిసీవర్ ఎరుపు నుంచి స్పీకర్ ఎరుపుకు, నలుపు నుంచి నలుపుకు. వైరు రెండు పాయలూ ఒకే రంగులో ఉంటే ఒకదాని మీద సన్నని గీతో, అక్షరాలో, ఎత్తుగా ఓ అంచో ఉంటుంది. దాన్ని ప్లస్‌గా పెట్టుకుని, రెండు స్పీకర్లకూ అదే పాటించండి. వైరు దూర్చి మర బిగించాక టార్చి వేసి చూడండి. బయటికి పొడుచుకొచ్చిన ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా షార్ట్ అవుతుంది. మెల్లగా లాగి చూసి, ఊడిరాకపోతే సరే.

పాత స్పీకర్లకు రంగులు చెరిగిపోయి ఏది ప్లసో తెలియకపోతే ఒక తేలిక పరీక్ష ఉంది. స్పీకర్‌ను రిసీవర్ నుంచి విడదీయండి. మామూలు 1.5 వోల్టుల టార్చి బ్యాటరీ తీసుకుని, దాని రెండు కొసలకు స్పీకర్ వైర్లు ఒక్క క్షణం తాకించి తీసేయండి. టప్‌మని శబ్దం వస్తుంది. ఆ క్షణంలో పెద్ద కోన్ ముందుకు కదిలితే బ్యాటరీ ప్లస్‌కు తాకిన వైరే స్పీకర్ ప్లస్. వెనక్కి పోతే ఇంకోటి.

ఓమ్స్, అంటే స్పీకర్ కరెంటుకు ఇచ్చే నిరోధం కొలత, దాని సంగతి ఇక్కడే చూసుకోండి. స్పీకర్ వెనక 8 అనో 6 అనో 4 అనో ఉంటుంది. రిసీవర్ టెర్మినళ్ల దగ్గర కనీసం ఎంత ఉండాలో రాసి ఉంటుంది. స్పీకర్‌ది అంతకు తగ్గకూడదు. ఎ, బి అని రెండు జతలకు చోటుంటే హాల్లో ఒక జత, పడకగదిలో ఒక జత పెట్టుకోవచ్చు. కానీ చాలా రిసీవర్లలో రెండూ ఒకేసారి మోగించినప్పుడు రెండు 8 ఓమ్స్ జతలు కలిసి 4 ఓమ్స్ భారమవుతాయి. రిసీవర్ అందుకు ఒప్పుకోదని రాసి ఉంటే ఒకసారికి ఒక జతే మోగించండి.

మిగతా పరికరాలు

సీడీ ప్లేయర్, క్యాసెట్ డెక్, సెట్‌టాప్ బాక్సు లాంటివి ఎరుపు, తెలుపు ఆడియో పిన్నులతో వస్తాయి. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. ‘లైన్’, ‘సీడీ’, ‘ఆక్స్’ అని పేర్లు వేరుగా ఉన్నా లోపల పని ఒక్కటే, దేనికైనా పెట్టవచ్చు. క్యాసెట్ డెక్‌కు మాత్రం రెండు జతలు కావాలి, ఒకటి వినడానికి, ఒకటి రికార్డు చేయడానికి.

రికార్డు ప్లేయర్ కథ వేరు. దాని సూది నుంచి వచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా సుమారు 2 వోల్టులు ఇస్తుంది. పైగా రికార్డు మీద గాడులు చెక్కేటప్పుడే బేస్‌ను తగ్గించి, సన్నని స్వరాలను పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేయాలి. ఆ పని చేసేది ‘ఫోనో’ ఇన్‌పుట్. అది అన్ని రిసీవర్లకూ ఉండదు. ఉదాహరణకు సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190కి ఉంది, యమహా ఆర్-ఎస్202కి లేదు. లేకపోతే విడిగా ఫోనో ప్రీయాంప్ కొని మధ్యలో పెట్టాలి. కొన్ని కొత్త టర్న్‌టేబుళ్లలో అది లోపలే ఉంటుంది, వెనక ‘ఫోనో’, ‘లైన్’ అని మీట కనిపిస్తుంది. మీట ‘లైన్’ మీద ఉంచి రిసీవర్ ఫోనోలో పెడితే పాట పగిలిపోయినట్టు వస్తుంది. ఒక్కచోటే ఫోనో పని జరగాలి. ఇక టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నని ఎర్త్ వైరును రిసీవర్ వెనక ‘గ్రౌండ్’ మర కింద బిగించాలి. దాన్ని వదిలేస్తే స్పీకర్లలో హమ్మని హోరు మొదలవుతుంది.

తాతల నాటి బరువైన 78 స్పీడు రికార్డులు ఇంట్లో ఉంటే వాటిని ఎల్పీ సూదితో వేయకండి. వాటి గాడులు వెడల్పు, వాటికి వేరే సూది అమ్ముతారు.

టీవీ శబ్దం కూడా ఇందులోంచే రావాలంటే టీవీ వెనక ఏ అవుట్‌పుట్ ఉందో చూడండి. కొత్త టీవీలకు ఎక్కువగా ఆప్టికల్ (శబ్దాన్ని కాంతి రూపంలో పంపే డిజిటల్ అవుట్‌పుట్), హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటాయి. పైన చెప్పిన రెండు రిసీవర్లకూ ఆప్టికల్ లేదు, కాబట్టి మధ్యలో ఒక చిన్న డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ పెట్టాలి. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్‌ను పీసీఎం అనే మామూలు డిజిటల్ రూపానికి మార్చండి. డాల్బీలో వదిలేస్తే చాలా కన్వర్టర్ల నుంచి శబ్దమే రాదు.

రేడియో ఏరియల్

పెట్టెతో వచ్చే ఎఫ్ఎం వైరును చుట్ట చుట్టి వెనక పడేయకండి. రెండు చేతులున్న టి ఆకారపు ఏరియల్ అయితే ఒక్కో చేయి సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది. రెండూ వంకర లేకుండా చెరో వైపుకు చాపి కిటికీ పైన గోడకు అంటించి, స్టేషన్ పెట్టి, దిక్కు మార్చి చూడండి. హైదరాబాద్‌లో 101.9 మీద రెయిన్‌బో, 102.8 మీద వివిధభారతి వస్తాయి. ముందు ఈ రెండూ గరగర లేకుండా పట్టేలా ఏరియల్ సరిచేసుకోండి. డాబా మీద బయటి ఏరియల్ పెట్టుకున్నవాళ్లు ఉరుములు మొదలయ్యే ముందే దాని వైరు రిసీవర్ నుంచి తీసేయాలి.

కరెంటు ఇవ్వడం

ఇప్పుడు ప్లగ్గు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, ట్రెబుల్, బేస్, బ్యాలెన్స్ మీటలు మధ్యలో ఉంచి ఆన్ చేయండి. కొన్ని సెకన్లకు లోపల టిక్కుమని రిలే (స్పీకర్లను కలిపే స్విచ్చి) చప్పుడు వస్తుంది, అది మంచి గుర్తే. రిసీవర్ వెంటనే ఆగిపోయినా, లైటు కొట్టుకుంటున్నా ప్లగ్గు తీసి మళ్లీ స్పీకర్ వైర్లు చూడండి, ఎక్కడో పోగులు తగిలాయి. తర్వాత ఫోన్ బ్లూటూత్‌తో కలిపి, ఫోన్ వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచి, రిసీవర్ నాబ్‌తో హెచ్చుతగ్గులు చేసుకోండి.

మొదట ఒక పాత పాట పెట్టండి. ఘంటసాల కాలం పాటల అసలు రికార్డింగులు దాదాపు అన్నీ మోనోవే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది, అందుకే పరీక్షకు అవి బాగా పనికొస్తాయి. రెండు స్పీకర్లకూ సమాన దూరంలో కూర్చుని కళ్లు మూసుకోండి. గొంతు రెంటి మధ్యన, ఎదురుగా ఒకేచోట నిలబడి పాడినట్టుండాలి. గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా పరుచుకుని, మృదంగం, తబలా పలచగా వినిపిస్తే ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. ఆఫ్ చేసి ఒక్క స్పీకర్ దగ్గర వైర్లు మార్చి మళ్లీ వినండి. తేడా వెంటనే తెలుస్తుంది.

స్పీకర్లు సర్దడం

టీవీ యూనిట్ చివర్లలో ఒక స్పీకర్ గోడ మూలకు, ఇంకోటి తలుపు పక్కకు పోవడం మనం తరచూ చూసే దృశ్యం. మూలలో ఉన్నది గుమ్ముమని బేస్ ఎక్కువ చేస్తుంది. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీరు కూర్చునే చోటికీ ఒక్కోదాని నుంచి దాదాపు అంతే దూరం ఉండాలి. మామూలు హాల్లో 6, 7 అడుగులు సరిపోతుంది. వెనక గోడకు కనీసం అడుగు ఎడం ఇవ్వండి. స్పీకర్‌లోని చిన్న కోన్, అంటే ట్వీటర్, కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. సోఫాలో అది నేల నుంచి సుమారు 3 అడుగులు. ఇంత చేశాక ఒక్కో స్పీకర్‌ను కొంచెం లోపలికి తిప్పి వింటూ, గొంతు స్పష్టంగా వచ్చే కోణం దగ్గర ఆపండి.

టైల్సు, గ్రానైట్ నేల, ఖాళీ గోడలున్న గదుల్లో చప్పట్లు కొడితే ఖంగున మోగుతుంది. పాటా అలాగే మోగుతుంది. స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద ఒక జంపఖానా పరచండి, కిటికీలకు మందపాటి పరదాలు వేయండి. రిసీవర్ మార్చినా రానంత మార్పు వస్తుంది. ట్రెబుల్, బేస్ మీటలు ముట్టుకోవడం ఆ తర్వాత.

శబ్దం రాకపోతే, హోరు వస్తే

శబ్దం అసలు రాకపోతే ముందు స్పీకర్ ఎ బటన్ నొక్కి ఉందా, ‘మ్యూట్’ పడిందా చూడండి. పాత రిసీవర్లలో ‘టేప్ మానిటర్’ బటన్ లోపలికి ఉంటే, డెక్ పెట్టనప్పుడు ఏ పాటా వినిపించదు. అలాంటి వాటిలో ‘ప్రీ అవుట్’, ‘మెయిన్ ఇన్’ అనే జాక్‌లను కలుపుతూ చిన్న లోహపు క్లిప్పులు కూడా ఉంటాయి. ఎవరో పీకేసి ఉంటే అప్పుడూ అంతే. ఒక పక్కే రాకపోతే ఎడమ, కుడి స్పీకర్ వైర్లు రిసీవర్ దగ్గర అటుదిటు మార్చండి. నిశ్శబ్దం కూడా రెండో పక్కకు మారితే తప్పు రిసీవర్‌దో, అంతకు ముందున్న కేబుల్‌దో. అదే పక్క ఉండిపోతే వైరుదో, స్పీకర్‌దో.

హోరు వస్తే పరికరాలన్నీ పీకి ఒక్కొక్కటే మళ్లీ పెట్టండి. ఏది పెట్టగానే మొదలైందో దొంగ అదే. చాలాసార్లు అది కేబుల్ టీవీ వైరు. డాబా మీదుగా ఎక్కడో ఎర్త్ అయిన ఆ వైరు సెట్‌టాప్ బాక్సులోంచి రిసీవర్‌లోకి హోరును తెస్తుంది. బాక్సు నుంచి ఆ వైరు తీయగానే హోరు ఆగితే, ఆ కేబుల్ వైరుకు గ్రౌండ్ ఐసోలేటర్ (ఎర్త్ దారిని తెంపి సిగ్నల్‌ను మాత్రం పోనిచ్చే చిన్న పరికరం) పెట్టించండి. రిసీవర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హోరు ఆపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ప్రాణాలకే ముప్పు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే గర్రుమంటుంటే రిసీవర్‌లో లోపమేమీ లేదు. చవకరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఆ శబ్దం తెస్తాయి, సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద అది ఉండదు.