ఏరు రాకముందే కల్వర్టు కింద ఓసారి తొంగి చూడండి

దసరా అమ్మకాలు ముగిసి దీపావళి అమ్మకాలు మొదలయ్యే సందులో మా తిరుపతికి అసలు వానాకాలం వస్తుంది. తెలంగాణ వాళ్లు గొడుగులు అటక మీద పెట్టే వేళకి మనం కిందికి దింపుతాం. జూన్‌లో వచ్చే నైరుతి వానలకు మన ఏర్లు కదలడం తక్కువ. అక్టోబర్ మూడో వారం నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు ఉంటాయి. ఆ పైన బంగాళాఖాతంలో వాయుగుండం ఒకటి పడిందంటే స్వర్ణముఖి, చిత్తూరు మధ్యలో పారే నీవా, పలమనేరు వైపు కౌండిన్య, అన్నీ ఒక్క రాత్రిలో లేస్తాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక తప్ప ఏమీ కనిపించని ఏర్లు కదా, వాటికి భయపడడం మనం మర్చిపోయాం.

నేను ఊళ్లో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇల్లు చంద్రగిరి వైపు పల్లెలో. ఒక లోలెవల్ కాజ్‌వే (ఏట్లో అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన సిమెంటు రోడ్డు), రెండు పైపు కల్వర్టులు, ఒక రైల్వే అండర్ బ్రిడ్జి దాటితే షాపు. రోజుకి రెండు సార్లు, ఇరవై ఏళ్లుగా ఇదే దారి. ఈ జాగ్రత్తలన్నీ ఆ దారి నేర్పినవే.

ఒక ఏడాది దీపావళి వారంలో షాపు కట్టేసరికి రాత్రి పదైంది. కాజ్‌వే మీద నీళ్లు పోతున్నాయి. నా ముందు పాల వ్యాను ఒకటి దాటింది. దాని వెనక బండాయన "ఏమీ లేదన్నా, పాదాలు మునిగే అంతే, నా వెనకాలే వచ్చేయ్" అన్నాడు. వెళ్లాను. సగం దూరం పోయాక ముందు చక్రం కింద రోడ్డు లేదు. అంచున సిమెంటు కొట్టుకుపోయి గుంత పడింది, పైన నీళ్లు బురద రంగులో ఉంటే అది కనిపించదు. బండి వదిలేసి పక్కన ఉన్న అడ్డురాయి పట్టుకున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. బండి మూడో రోజు కంపచెట్లలో దొరికింది. ఆ గుంత గురించి అంతకు ముందు వేసవిలోనే ఊరి వాళ్లం అర్జీ ఇచ్చి ఉన్నాం. "ఎస్టిమేట్ పంపినాం, ఫండ్స్ రావాల" అన్నారు. అదే వేసవిలో ఊళ్లో ఒక కొత్త షాపింగ్ కాంప్లెక్సు ముందు రోడ్డుకి రంగురంగుల టైల్స్ పరిచారు.

కాబట్టి మొదటి జాగ్రత్త, ముందు బండి దాటింది కదా అని వెళ్లొద్దు. పాదాలు మునిగే నీళ్లని తేలిగ్గా తీసుకోవద్దు. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉంటే చాలు, నిలబడ్డ మనిషిని పడేస్తాయి. 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలిపోవచ్చు. 60 అయితే పెద్ద కార్లనూ లాక్కుపోతాయి. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగింతలు అవుతుంది. అందుకే నిన్న అదే లోతులో దాటిన వాడు ఈరోజు దాటలేడు. లోతు ఒకటే, వేగం వేరు. కాజ్‌వే పక్కన అడ్డురాళ్లు కనిపిస్తున్నంత సేపు దాటొచ్చని మా పెద్దవాళ్లు అనేవాళ్లు. రాళ్లు ఇరవై ఉండాల్సిన చోట ఏడు మిగిలిన కాజ్‌వేకి ఆ లెక్క పనికిరాదు.

ఫోన్లో మ్యాపు చూపించే నీలం గీతకి ఏరు సంగతి తెలియదు. కొండకి వచ్చే బయటి ఊరి డ్రైవర్లు దాన్ని నమ్మి అర్ధరాత్రి మా కాజ్‌వే మీదికి వస్తుంటారు. కనిపిస్తే ఆపండి.

ఇక అండర్ బ్రిడ్జిలు. 2021 అక్టోబర్‌లో తిరుపతి వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి కింద నిలిచిన వాన నీళ్లలో, కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం వాహనం చిక్కుకుంది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. అది ఏరు కాదు, వంక కాదు, ఊరి నడిబొడ్డు. అండర్ బ్రిడ్జి కింద ముందు వాహనం టైరు సగం మునిగి కనిపించిందా, వెనక్కి తిప్పుకోండి. వెనకాల ఎంత హారన్ కొట్టినా సరే. దిగాక ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం వద్దు. వెంటనే సీటు బెల్టు తీసి, కిటికీ అద్దం దించి, పిల్లల్ని ముందు బయటికి పంపి పైకెక్కండి. బయట నీళ్లు తోస్తుంటే తలుపు తెరుచుకోదు, కిటికీయే దారి. కరెంటు అద్దాలు నీళ్లలో కాసేపటికి పని చేయవు కాబట్టి ఆలోచించే టైం ఉండదు. వానల్లో అండర్ బ్రిడ్జి దగ్గరికి వచ్చేటప్పుడే డ్రైవరు పక్క అద్దం సగం దించి ఉంచడం నాకు అలవాటైంది. షర్టు తడిస్తే తడవనీ.

ఆ తర్వాతి నెల, 2021 నవంబర్ 18, 19 తేదీలు ఈ ప్రాంతంలో ఎవరూ మర్చిపోరు. కపిల తీర్థం దగ్గర కొండ మీద నుంచి నీళ్లు విరుచుకుపడ్డాయి, ఘాట్ రోడ్లు మూశారు, స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లు కోసుకుపోయాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకి గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. అప్పుడు నేను గమనించింది ఒకటుంది. చాలాచోట్ల వంతెన నిలబడింది, దానికి అటూ ఇటూ ఉన్న రోడ్డు పోయింది. వంతెన కింద కంతలు కంపతో, ప్లాస్టిక్‌తో, పూడికతో మూసుకుపోతే నీళ్లు పక్క దారి వెతుక్కుంటాయి. ఆ పక్క దారి మట్టి రోడ్డే.

అందుకే అక్టోబర్ మొదటి ఆదివారం ఒక గంట తీసి, మీరు రోజూ దాటే వంతెన కిందికి దిగి చూడండి. ఇంజినీరు కానక్కర్లేదు. పైపుల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తుందా? కనిపించకపోతే పూడిక. స్తంభాల కింద పునాది ఇసుక పైకి తేలి కనిపిస్తుందా? ఏట్లో ఇసుక తవ్వేసిన చోట ఇది మామూలు. పునాది చుట్టూ ఉండాల్సిన ఇసుక లేకపోతే వరద మిగతాది కూడా కోసుకుపోతుంది. కాంక్రీటు ఊడి తుప్పు పట్టిన కమ్మి కనిపిస్తుందా? వంతెనా రోడ్డూ కలిసే చోట రోడ్డు కుంగి, ప్రతి బండీ "దబ్" మంటుందా? చాలామంది దాన్ని స్పీడ్ బ్రేకర్ అనుకుంటారు. అది కింద మట్టి జారిపోతోందని చెప్పే గుర్తు. ఫోటోలు తీయండి, తేదీ కనిపించేలా. పక్కన ఒక మనిషినో నీళ్ల బిందెనో పెట్టి తీస్తే గుంత ఎంతదో తెలుస్తుంది.

వానాకాలానికి ముందూ తర్వాతా వంతెనలు తనిఖీ చేయాలన్నది ఇంజినీర్లకున్న నియమమే, మనం అడిగే వరం కాదు. 2025 జూలై 9న గుజరాత్‌లో మహీ నది మీద గంభీరా వంతెన పగటిపూట వాహనాలతో సహా కూలి ఇరవై మంది దాకా పోయారు. అది 1985లో వాడకంలోకి వచ్చిన వంతెన. మన కల్వర్టుల్లో దానికంటే పాతవి ఎన్నున్నాయో లెక్క వేసుకోండి.

ఇప్పుడు మాల్స్ సంగతి. కల్వర్టు జాగ్రత్తల్లో మాల్ ఏంటని మా షాపు మేనేజర్ కూడా నవ్వాడు.

వాన లెక్క చూడండి. ఒక ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు. అది చేనుగా ఉన్నప్పుడు కొంత ఇంకుతుంది, కొంత గట్ల మధ్య ఆగుతుంది, మిగిలింది నిదానంగా వంకలో కలుస్తుంది. అదే చోట ఐదు ఎకరాల్లో షాపింగ్ కాంప్లెక్సు, పార్కింగు వచ్చి మొత్తం సిమెంటు పరిస్తే, ఇరవై లక్షల లీటర్లు దాదాపు మొత్తం, అదీ గంటల్లోనే, బయటికి వస్తాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు వందలు ఒకేసారి తిప్పేసినట్టు. అవన్నీ పోవాల్సింది మన తాతల నాడు ఎడ్ల బండ్ల కోసం వేసిన ఆ రెండు పైపుల్లోంచే. ప్రజల డబ్బుతో మాల్‌కి రాయితీ ఇచ్చి వంకలోకి నీళ్లు పెంచుతాం, ఆ నీళ్లు పోయే దారికి మాత్రం డబ్బు లేదంటాం.

రాయితీ అంటే చేతిలో పెట్టే నోట్ల కట్ట అనుకోకండి. ప్రభుత్వ భూమిని తక్కువ లీజుకి ఇవ్వడం, స్టాంపు డ్యూటీ వెనక్కి ఇవ్వడం, జీఎస్టీలో రాష్ట్ర వాటా తిరిగి ఇవ్వడం, కాంప్లెక్సు గేటు దాకా ప్రభుత్వమే రోడ్డు వేసివ్వడం, ఇవన్నీ రాయితీలే. విశాఖలో లులు మాల్‌కి 13 ఎకరాలకు పైగా భూమిని 99 ఏళ్ల లీజుకి ఇవ్వడం మీద 2025లో ఎంత చర్చ నడిచిందో చదివే ఉంటారు. ఉద్యోగాలొస్తాయని ఒక వైపు, అంత విలువైన భూమి అంత చవగ్గానా అని ఇంకో వైపు. నా జీతం వచ్చేది కూడా షాపు నుంచే, కాబట్టి దుకాణాలు వద్దని నేను అనలేను. కానీ మా షాపు యజమానికి, గాంధీ రోడ్డులో చిన్న కొట్టు పెట్టుకున్నాయనకి ఇలాంటి రాయితీ ఎవరూ ఇవ్వలేదు. వాళ్ల దగ్గరికి రావాల్సిన పల్లె జనం కల్వర్టు తెగితే రారు. 2021 నవంబర్‌లో ఆ వారమంతా మా షాపులో బోణీ కాలేదు.

తిరుపతికి డబ్బు రాలేదని కూడా అనలేం. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. టీటీడీ కలిసి వచ్చి, ఆరు వందల కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023 సెప్టెంబర్‌లో వాడకంలోకి వచ్చింది. మంచి వంతెనే, నేనూ దాని మీద వెళ్తాను. కానీ దానికి శిలాఫలకం ఉంది. పైపులో పూడిక తీసినందుకు శిలాఫలకం ఎవరు వేయిస్తారు?

ఊళ్లో కొత్త వాణిజ్య సముదాయానికి భూమో పన్ను మినహాయింపో ఇస్తున్నారని పేపర్లో చూస్తే, అది ఖరారు కాకముందే మీ కార్పొరేటర్‌ని లేదా సర్పంచ్‌ని అడగండి. ఆ స్థలంలో పడే వాన నీళ్లు ఏ కాలువలో కలుస్తాయి? దాని కింద ఎన్ని కల్వర్టులున్నాయి? వాటిని వెడల్పు చేసే ఖర్చు ఎవరిది? ఈ మూడింటికీ జవాబు ఒప్పందం కాగితంలో ఉండాలి. ప్రారంభోత్సవం అయ్యాక అడిగితే "అది వేరే డిపార్ట్‌మెంట్" అంటారు.

ఆ "వేరే డిపార్ట్‌మెంట్" ఏదో ముందే కనుక్కోండి. ఒకే రోడ్డు మీద వరసగా ఉన్న మూడు కల్వర్టులు ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, మున్సిపాలిటీ అని ముగ్గురివై ఉండొచ్చు. మా అర్జీ ఒక ఏడాది తప్పు ఆఫీసులోనే నిద్రపోయింది. తెలియకపోతే కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫోటోలతో అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. కదలకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలతో దరఖాస్తు పెట్టి, ఆ వంతెనని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో రిపోర్టు నకలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఎందుకు బాగు చేయలేదు" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. రిపోర్టు అడిగితే, రిపోర్టు లేదని రాసివ్వాల్సి వస్తుంది. మాకు పని జరిగింది ఆ కాగితం వచ్చాకే.

వాన మొదలైన రోజు చేయాల్సింది తక్కువే. ఫోన్ ఛార్జింగు పెట్టుకోండి. 112, జిల్లా కంట్రోల్ రూం 1077 రాసి గోడకి అంటించండి. పైన చెరువు నిండి మొరవ (అలుగు) పోతోందా లేదా అన్నది అక్కడి ఊరి వాళ్లని ఫోన్ చేసి కనుక్కోండి. మొరవ ఎత్తుకుందంటే కింద కాజ్‌వే మీదికి నీళ్లు వచ్చేస్తున్నట్టే. స్కూల్ బస్సు డ్రైవరుకి "ఆలస్యమైనా పర్లేదు, చుట్టు తిరిగి రా నాయనా" అని ముందే చెప్పండి, లేకపోతే మన తిట్లకి భయపడి అడ్డదారి పడతాడు. పంచమీ తీర్థానికి తిరుచానూరు వెళ్లే ముసలివాళ్లని చీకటి పడకముందే వెనక్కి తీసుకురండి.

ఏరు తగ్గాక తొందర వద్దు. నీళ్లు దిగిన కాజ్‌వే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల మట్టి పోయి డొల్లగా ఉంటుంది. ముందు ఒకరు నడిచి వెళ్లి, గడకర్రతో అంచులు పొడిచి చూసి, కూలిన చోట ఎర్ర గుడ్డ కట్టాలి. ట్రాక్టరు, లారీ ఆ తర్వాత. మా ఊళ్లో ఆ గడకర్ర ఇప్పుడు రామాలయం అరుగు మీద ఉంటుంది. వేసవిలో పిల్లలు మామిడికాయలు కోయడానికి ఎత్తుకుపోతారు, అక్టోబర్‌లో మళ్లీ వెతికి తెచ్చి పెట్టాలి.