మిరపకు నీళ్లు: వారం లెక్క కాదు, మట్టి ముద్ద లెక్క

మహారాష్ట్రలోని సిరొంచ వైపు ప్రాణహిత నది ఒడ్డు నల్లరేగళ్లలో మిరప వేసేవాళ్లకు ఒక మాట. వారానికోసారి అని కళ్లు మూసుకుని తడి పెట్టకండి. నేను రెండేళ్లు అలాగే పెట్టాను, కాలువ పక్క సాళ్లలో మొక్కలు వడలిపోతుంటే నీళ్లు చాలట్లేదేమో అనుకుని ఇంకో తడి కూడా ఇచ్చాను, తీరా పీకి చూస్తే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లు!

మిరప వేళ్లు ఎక్కువ భాగం నేలలో పై అడుగు లోతులోనే ఉంటాయి. అందుకే మొక్కకు జానెడు దూరంలో జానెడు లోతు తవ్వి, ఆ మట్టిని పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టి చేతి వేళ్లకు అంటుకుంటే ఆగండి. ముద్ద కట్టినా వేలితో తడితే విడిపోతోందంటే నీళ్లు పెట్టండి. పూత, పిందె టైంలో మాత్రం అంతవరకూ ఆగొద్దు, అప్పుడు నీళ్లు లేక బెట్టకొస్తే పూత రాలుతుంది, బెట్ట తర్వాత ఒక్కసారిగా నీళ్లు పారించినా రాలుతుంది.

డ్రిప్ ఉంటే లెక్క తేలిక. లేటరళ్ల (సాళ్ల వెంట పరిచే సన్న పైపుల) మధ్య 1.2 మీటర్లు, 40 సెంటీమీటర్లకొకటి చొప్పున గంటకు 2 లీటర్ల డ్రిప్పర్లు అయితే, గంటకు సుమారు 4 మిల్లీమీటర్ల మందాన నీళ్లు, అంటే ఎకరానికి దాదాపు 17 వేల లీటర్లు. మోటారు ఎన్ని గంటలు ఆడిందో క్యాలెండర్ మీద రాసుకోండి, చివర్లో ఎండుమిర్చి తూకంతో పోల్చితే వెయ్యి లీటర్లకు ఎన్ని కిలోలు పండాయో తేలుతుంది. మా ఇంట్లో పాల లెక్క కూడా అదే క్యాలెండర్ మీద ఉంటుంది, రెండూ కలిసిపోకుండా చూసుకోండి.