పడకమీద పరీక్ష పెట్టుకోకండి

కౌన్సెలింగుకు వచ్చే మగవాళ్లు మొదట చెప్పేది “ఈమధ్య బాగా అలసటండీ” అనే. అసలు విషయం, అంటే స్తంభన (అంగం గట్టిపడటం) సరిగా లేదన్నది, నోటికి రావడానికి చాలాసేపు పడుతుంది. పక్కనున్న భార్య అప్పటికే “నా మీద మనసు పోయింది” అని తేల్చేసుకుని ఉంటుంది. చాలామందిలో మనసు అలాగే ఉంటుంది, భయం దాన్ని కప్పేస్తుంది.

అంగం గట్టిపడాలంటే రక్తనాళాలు వదులై రక్తం నిండాలి. ఒళ్లు నెమ్మదించినప్పుడే అది జరుగుతుంది. అప్పు వాయిదానో, ఆఫీసు గొడవో బుర్రలో తిరుగుతుంటే అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి నాళాలు బిగుసుకుంటాయి. ఒకసారి తప్పిందంటే మరుసటిసారి “ఇవాళైనా అవుతుందా” అని తనను తానే కాపలా కాస్తాడు. దాంతో అడ్రినలిన్ ఇంకా పెరుగుతుంది.

ముందు ఒకటి చూసుకోండి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటే నరాలు, నాళాలు చాలావరకు బాగున్నట్టే. అదీ తగ్గినా, సమస్య నెలల తరబడి ముదురుతున్నా షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, పొద్దుటిపూట టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్) పరీక్షలు చేయించుకోండి. అంగంలోని నాళాలు గుండె నాళాలకన్నా సన్నవి కాబట్టి గుండెజబ్బు ముందు ఇక్కడే బయటపడొచ్చు. డిప్రెషన్ మందులు, కొన్ని బీపీ మందులు కూడా కారణం కావచ్చు. అయినా సొంతంగా మానొద్దు, డాక్టర్‌కు చెప్పండి. ఎవరో ఇచ్చిన సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర అసలు వేసుకోవద్దు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక భార్యతో మాట. మంచం మీద వద్దు, తప్పిన మరుక్షణం అసలే వద్దు. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నప్పుడు తేలిక, కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు. “నీ మీద ఇష్టం తగ్గలేదు. పని ఒత్తిడి తినేస్తోంది. దగ్గరికొస్తే మళ్లీ తప్పుతుందేమోనని భయం” అంటే చాలు. నా ఎదుట ఒకాయన ఈ మాటలన్నాడు. అప్పటిదాకా సంచి తాడు వేలికి చుట్టుకుంటున్న ఆవిడ దాన్ని వదిలేసి, “ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా” అంది. ఆ కోపంలో ఎంత ఊరటో!

తర్వాత కొన్ని వారాలు కలయిక వద్దని ఇద్దరూ ఒప్పుకోండి. అమెరికా సెక్స్ పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. మొదట వీపు, చేతులు, జుట్టు నిమరడం వరకే. జననాంగాల జోలికి కొన్నాళ్లు ఆగి వెళ్లండి. గెలవాల్సింది ఏమీ లేదని తెలిసినప్పుడు ఒళ్లు దానంతటదే సడలుతుంది. మధ్యలో స్తంభన వచ్చినా తొందరపడి ఒప్పందం తప్పకండి, పోయినా చేయి తీసేయకండి.

నిద్ర తగ్గించుకుని పనిచేసేవాళ్లకు ఇవేవీ అంతగా పనిచేయవు. వారంపాటు రాత్రికి ఐదు గంటలే పడుకున్న ఆరోగ్యవంతులైన కుర్రాళ్లలో పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గినట్టు 2011లో ఒక అధ్యయనం చూపింది. ఫోను వేరే గదిలో పెట్టి, ఇద్దరూ ఒకే వేళకు పడుకోండి.