దెబ్బతిన్న ఈజిప్టు గోడచెక్కడాలను గీసి భద్రపరచడం

ఈజిప్టులోని లక్సర్‌లో 1924లో మొదలైన షికాగో హౌస్ (షికాగో విశ్వవిద్యాలయం వారి శాసన పరిశోధన కేంద్రం) పద్ధతిని మించినది మాకు కనబడలేదు. కెమెరాను గోడకు సమాంతరంగా నిలిపి, స్కేలు పెట్టి ఫోటో తీయండి. కాస్త వంగినా కొలతలు చెడతాయి. పెద్ద ప్రింటు వేయించి, గోడ ముందే నిలబడి దానిమీద పెన్సిల్‌తో, తర్వాత ఇంకుతో గీయాలి. ఆపై ఫోటోను బ్లీచ్ చేస్తే గీతలే మిగులుతాయి.

వెలుతురు ఎడమ పైమూల నుంచి పడుతోందనుకోండి. ఉబ్బెత్తు చెక్కడానికి నీడ పడే కింది, కుడి అంచుల గీత లావుగా ఉండాలి. లోపలికి తొలిచినదానికి పై, ఎడమ అంచుల గీత లావుగా ఉండాలి.

అసలు కష్టం అరిగిన చోటే. లైటును గోడ పక్కనుంచి ఏటవాలుగా వేస్తే నీడలో గీత తేలుతుంది. ఒక్క వైపు నుంచే వేస్తే ఆ దిశలో సాగే గీత దాక్కుంటుంది, అందుకే నాలుగు వైపులా తిప్పాలి. అఖెనాతెన్ అనే ఫారో కాలంలో ఉలితో చెరిపేసిన అమున్ దేవుడి పేరు, ఆ తర్వాత మళ్లీ చెక్కినది, రెండూ గీయండి; ఉలిగాట్లూ సాక్ష్యమే. పోయిన భాగాన్ని ఊహతో పూరించకండి. తడికాగితం అద్ది అచ్చు తీయవద్దు, రంగు ఊడొస్తుంది.

చివరగా, శాసనలిపి తెలిసిన ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు ఆ బొమ్మను గోడతో సరిచూడాలి.