జ్ఞానదంతం ఎక్స్‌రే చదవడం – 3వ పాఠం: నరం కాలువ

పోయిన పాఠంలో ఓపీజీని (రెండు దవడలూ, పళ్లన్నీ ఒకే ఫిల్ములో పడే ఎక్స్‌రే) ఎలా పట్టుకోవాలో చూశాం. పేషెంటు కుడి మన ఎడమకు వస్తుందన్న దగ్గర ఇంకా తడబడేవాళ్లు, ఫిల్ములో 48వ పన్నును (పేషెంటు కుడివైపు కింది జ్ఞానదంతం) వేలు పెట్టి చూపించండి. ఎడమ చివర, కింది వరుసలో చూపించారా? అయితే పదండి.

ఈరోజు పన్ను జోలికి పోం. ఫిల్ము చేతికి రాగానే కొత్తవాళ్ల చూపంతా వంకర పన్ను మీదే పడుతుంది. అది ముందుకు వాలిందా, అడ్డంగా పడుకుందా అన్నది ఎవరికైనా కనబడుతుంది. చూడాల్సింది దాని కింద పోయే నరాన్ని. అది దెబ్బతింటే ఆ పక్క కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. పెదవి కదులుతుంది కానీ, వేడి సంగటి ముద్ద తగిలినా తెలియదు.

నరం ఎక్స్‌రేలో కనబడదు. అది నడిచే ఎముక కాలువ కనబడుతుంది. మధ్యలో నల్లటి దారి, పైనా కిందా సన్నటి తెల్ల గీతలు. పొలంలో కాలువకు రెండు గట్లున్నట్టే. ఫిల్ము మీద ట్రేసింగ్ పేపరు పెట్టండి. దవడ వెనక నిలువు భాగం మధ్యలో కాలువ మొదలయ్యే చోట ఒక చుక్క, కోరపన్ను వెనకున్న రెండు పళ్ల వేర్ల దగ్గర అది బయటపడే రంధ్రం మీద ఇంకో చుక్క. ఆ రెంటి నడుమ గట్లు గీసుకుంటూ రండి. మాసిపోయిన చోట ఊహించి గీయకండి, ఖాళీ వదిలేయండి. ఆ ఖాళీతోనే మనకు పని.

కడపలో మా క్లినిక్‌కు ప్రొద్దుటూరు నుంచి ఒకమ్మాయి ఫిల్ము తెచ్చింది. కమ్మలు తీయకుండానే తీశారు (ప్రొద్దుటూరు బంగారం కదా, తీయబుద్ధి కాలేదేమో!). ఒక చెవి కమ్మ నీడ అవతలి పక్క, కాస్త పైన, మసకగా పడింది. దాన్ని వదిలేసి 38 (ఎడమవైపు కింది జ్ఞానదంతం) కిందికి రండి. వేరు కాలువను దాటే చోట పైగట్టు తెగింది. అక్కడే వేరు మీద నల్లటి పట్టీ. కాలువ కూడా దారి మార్చి కిందికి వంగింది. 1990లో రూడ్, షెహాబ్ అనే పరిశోధకులు ఎక్స్‌రేల్లో పరిశీలించిన ఏడు గుర్తుల్లో నరం దెబ్బతినడంతో గట్టిగా ముడిపడినవి ఈ మూడే. వేరు కాలువ మీద పడినా రెండు గట్లూ చెక్కుచెదరకుండా ఉంటే భయం చాలా తక్కువ.

కానీ ఓపీజీ బల్లపరుపు బొమ్మ. వేరు కాలువకు నాలుక వైపుందో, బుగ్గ వైపుందో చెప్పదు. నల్లపట్టీ చూసి "నరం వేరుకు ఆనుకునే ఉంది" అని ఒకాయనకు తొందరపడి చెప్పేశాను. వారంపాటు ఆ ఇంట్లో అందరికీ టెన్షన్. సీబీసీటీలో (దవడను త్రీడీలో చూపించే స్కాన్) చూస్తే నరం దూరంగానే ఉంది. నాలుక వైపు ఎముక పలచబడి వేరు నల్లగా కనబడిందంతే.

సీబీసీటీ ముక్కల్లో చూడాల్సిందల్లా వేరుకీ కాలువకీ మధ్య తెల్ల గట్టు మిగిలిందా లేదా అన్నదే. లేకపోతే పన్ను మొత్తం పీకకుండా, పైభాగం కోసి వేర్లు వదిలేసే పద్ధతి గురించి కూడా సర్జన్ ఆలోచిస్తారు. అయితే దీనికి ఓపీజీ కంటే రేడియేషన్ ఎక్కువ. గుర్తులు లేనివాళ్లకు రాయడం నాకిష్టం లేదు.

వచ్చే పాఠానికి మూడు ఓపీజీలు ట్రేస్ చేసి పెట్టుకోండి. గట్టు తెగిన చోట ఎర్ర పెన్సిల్‌తో చుట్టండి.