విజయవాడ నుంచి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ఓటు: మూడో పార్టీ విషయం తేల్చుకోవడం ఎలా

అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, తల్లిదండ్రులను చూసుకోవడానికి విజయవాడ వచ్చి ఉంటున్నవారికి అక్కడి అధ్యక్ష ఎన్నికల్లో ఓటు హక్కు అలాగే ఉంటుంది. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవారికి ఆ హక్కు లేదు. రెండు పెద్ద పార్టీలూ నచ్చక, మూడో పార్టీకి వేస్తే ఓటు వృథా అవుతుందేమోనని తటపటాయిస్తున్నవారు ముందుగా తమ ఓటు ఏ రాష్ట్రం లెక్కలోకి వెళుతుందో చూసుకోవాలి. విదేశంలో నివసించే పౌరుడికి అమెరికాలో ఆఖరుగా కాపురమున్న చిరునామాయే ఆధారం.

అధ్యక్షుడిని ఎన్నుకునేది నేరుగా ఓటర్లు కాదు, రాష్ట్రాలవారీగా వారు ఎన్నుకునే ప్రతినిధులైన ‘ఎలక్టర్లు’. మొత్తం 538 మంది ఎలక్టర్లలో 270 మంది మద్దతు దక్కినవారు అధ్యక్షులవుతారు. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలు తప్ప మిగిలినచోట్ల, రాష్ట్రంలో ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినవారికే అక్కడి ఎలక్టర్లందరూ దక్కుతారు. అందుకే 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు దేశమంతటా దాదాపు 19 శాతం ఓట్లు పడినా ఒక్క ఎలక్టరూ రాలేదు; 1968లో మూడో పార్టీ అభ్యర్థి జార్జ్ వాలెస్‌కు అంతకంటే తక్కువ శాతమే వచ్చినా, ఆ ఓట్లు దక్షిణాది రాష్ట్రాల్లో గుమిగూడినందువల్ల 46 మంది ఎలక్టర్లు దక్కారు. 2009లో దాదాపు 16 శాతం ఓట్లు తెచ్చుకున్న ప్రజారాజ్యం 294 స్థానాల్లో 18తోనే ఆగిపోవడాన్ని చూసిన మనకు ఈ లెక్క కొత్తది కాదు.

ఇక ‘ఓట్లు చీల్చడం’ అనే నింద. 2000లో ఫ్లోరిడాను అల్ గోర్‌పై జార్జ్ బుష్ 537 ఓట్ల తేడాతో గెలుచుకోగా, అక్కడ గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అయితే ఆ ఓటర్లందరూ, నేడర్ లేకపోతే, గోర్‌కే వేసి ఉండేవారని అనుకోవడం తొందరపాటు. కనుక మీకు నచ్చిన అభ్యర్థి అసలు బరిలోనే లేరనుకుని, అప్పుడు ఎవరికి వేస్తారో ఒక కాగితం మీద రాసి చూడండి. ఎవరికీ వేయనని తేలితే మీ ఓటు ఎవరి ఓటునూ చీల్చడం లేదు. ఒక పేరు తోచి, మీ రాష్ట్రంలో పోటీ హోరాహోరీగా ఉంటే మాత్రం మరోసారి ఆలోచించడం మంచిదని నా అభిప్రాయం. ఫలితం ముందే తెలిసిపోయే రాష్ట్రంలో అంత బెంగ అక్కర్లేదు. పైగా దేశవ్యాప్తంగా 5 శాతం ఓట్లు దాటిన పార్టీ, తర్వాతి ఎన్నికలో ప్రభుత్వ నిధులకు అర్హత పొందుతుంది. (నోటా కోసం వెతకకండి, అటువంటి మీట నెవాడాలో తప్ప లేదు.)

మూడో పార్టీ అభ్యర్థి పేరు అన్ని రాష్ట్రాల బ్యాలెట్లలోనూ ఉండదు. పేరు చేత్తో రాసే వీలున్నా, ఆ అభ్యర్థి ముందే నమోదు చేసుకుని ఉంటేనే లెక్కించే రాష్ట్రాలు చాలా ఉన్నాయి.

ఎన్నికల ఏడాది మొదట్లోనే ‘ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్’ నింపి, బ్యాలెట్ ఈమెయిల్‌లో కావాలని కోరండి. సకాలంలో దరఖాస్తు చేసినవారికి పోలింగ్‌కు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్ పంపాలని చట్టం చెబుతోంది. అప్పటికీ రాకపోతే, ‘ఫెడరల్ రైట్-ఇన్ ఆబ్సెంటీ బ్యాలెట్’ మీద అభ్యర్థి పేరు గానీ పార్టీ పేరు గానీ రాసి పంపవచ్చు.